లండన్ తాత మాట

మొన్న సాయంత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వరండాలో కూర్చున్నాను. మేముండేది యాంగోన్‌లో లత అనే పేటలో, మూడో అంతస్తులో. కింద టీకొట్టువాడికి చెవుడో, వీధంతటికీ చెవుడని వాడి నమ్మకమో తెలియదు గానీ, వాడి రేడియో పొద్దస్తమానం గొంతు చించుకుంటూనే ఉంటుంది. బర్మా వార్తలన్నీ అయ్యాక చివర్లో, సీమలో ఎన్నికలు జరిగాయనీ, కూలీల పార్టీ ఓడిపోయిందనీ చెప్పారు. సీమ అంటే ఇంగ్లండు. మా చిన్నప్పుడు అలాగే అనేవాళ్ళం. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, ఓడిపోనారా," అని పైకే అనేశాను. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న మా మనవరాలు నా మొహం చూసి, "ఏటైంది అమ్మమ్మా? ఎవులు ఓడిపోనారు?" అంది. చెప్పాను. "ఇంగ్లండ్ ఎలక్షనా? ఆలు ఓడిపోతే మనకేటి?" అని నవ్వి లోపలికి పోయింది. మా అమ్మ కూడా సరిగ్గా ఆ ముక్కే అడిగేది, మా తాతని. ఆ తర్వాత వంట నా వల్ల కాలేదు. ఆ పిల్లే వండుకుంది, ఉప్పు ఎక్కువేసి.

మా తాత పేరు అప్పన్న. అమ్మకు తండ్రి. పుట్టింది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లెలో. పడుచుతనంలో ఓడల మీద బాయిలరుకు బొగ్గేసే పనిలో చేరాడు. ఒక ప్రయాణంలో జబ్బుపడితే ఓడవాళ్ళు లండన్ రేవులో దింపేసి వెళ్ళిపోయారు. అలా దిగినవాడు ఆ రేవు వీధుల్లోనే కొన్నేళ్ళు ఉండిపోయాడు. తర్వాత మళ్ళీ ఓడెక్కి లోకమంతా తిరిగి, మోకాళ్ళు పాడయ్యాక పని మానేసి, రంగంలో ఉన్న కూతురి దగ్గరికి చేరాడు. రంగం అంటే ఇప్పుడు అందరూ యాంగోన్ అంటున్న ఈ ఊరే. మావాళ్ళ నోట ఆ రోజుల్లో దీనికి ఇంకో పేరు లేదు. మా లైనులో అప్పన్న అని పిలిచినవాళ్ళు తక్కువ. పెద్దలకు లండన్ మావ, పిల్లలకు లండన్ తాత.

మా ఇల్లు అప్పట్లో చిమిండైంగు పేటలో, నది ఒడ్డున కూలీల లైనులో ఒక గది, దాని ముందు చెక్క వరండా. ఇల్లు మాది కాదు. రేవు మేస్త్రి తన ముఠాల కోసం కట్టించిన లైను అది. పని ఉన్నంత కాలమే గది. మా నాయన సింహాద్రి ఆ మేస్త్రి కింద ఒక ముఠాకు పెద్ద. ఓడ కడుపులోకి దిగి బియ్యం బస్తాలు పేర్చే పని వాళ్ళది. సాయంత్రం ఇంటికొచ్చాడంటే ముందు తడిసిన గోనె వాసన వచ్చేది, వెనక నాయన వచ్చేవాడు. ఆ వాసనా, మిల్లుల నుంచి వచ్చే తవుడు వాసనా, పక్కింటి బర్మావిడ డా మ్యా ఙపి, అంటే ఊరేసిన చేపల ముద్ద, వేయించిందంటే కొట్టే వాసనా కలిసి మా గదిలోనే కాపురముండేవి. అమ్మ మొదట్లో ముక్కు మూసుకునేదట. నాకు బుద్ధి తెలిసేసరికి ఆవిడే డా మ్యాను అడిగి ఙపి తెచ్చి గోంగూరలో కలిపేది. ఎవరడిగినా నేను ఇప్పటికీ చెప్తాను, ఆ పచ్చడిలాంటిది మళ్ళీ తినలేదు.

పొద్దు వాలగానే తాత స్నానం చేసి నల్లకోటు తొడిగేవాడు. రంగం ఎండల్లో కోటేమిటని లైనంతా నవ్వేది. ఆయన లెక్కచేసేవాడు కాదు. అమ్మ పాలెక్కువ పోసి టీ కాచి ఇవ్వాలి. నీళ్ళ టీ అయితే మొహం చిట్లించేవాడు. ఏ ఓడవాడో చదివి పారేసిన ఇంగ్లీషు పేపరు, నెలా రెండు నెలల పాతది, రేవు నుంచి నాయన ఏరుకొచ్చి ఇచ్చేవాడు. తాత దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, ఆ పూట సీమలో జరుగుతున్న అన్యాయమేదో మా వరండాకు విన్నవించేవాడు. పని దిగిన మగవాళ్ళు బీడీలు కాల్చుకుంటూ చుట్టూ చేరేవారు. రెండు నెలల కిందటి సంగతిని ఆయన ఇప్పుడే కిటికీలోంచి చూసొచ్చినట్టు చెప్తే, వాళ్ళు కూడా అలాగే వినేవారు.

ఆయనకు అభిప్రాయం లేని విషయం ఉండేది కాదు. "రాజుదేటుందిరా, బొమ్మ. గుర్రమెక్కి సెయ్యూపుతాడు. అసలు పీడంతా ఆ పెద్దింటోల్ల సభ. ఎవులూ ఓటెయ్యకుండానే తాతల నాటి నుంచి కుర్సీల మీద కూకున్నారు." ఆడవాళ్ళకు ఓటిచ్చారు గానీ ముప్పయ్యేళ్ళు నిండినవాళ్ళకే ఇచ్చారని తెలిసిన రోజు ఆయన కోపం చూడాలి. "ముప్పయ్యేల్ల దాకా ఆడదానికి బుద్ధి రాదేటి? మా నూకాలుకి పదేల్లకే ఒచ్చింది," అని అమ్మను చూపించేవాడు. ముసలివాళ్ళకు సర్కారే వారం వారం డబ్బిస్తుందని చెప్తే మాత్రం ఎవరూ నమ్మేవారు కాదు. "ఊరికే ఎందుకిస్తాడు మావా?" అంటే, "ఊరికేటి? జనం కొట్లాడి తీసుకున్నారు," అనేవాడు. తిండి దగ్గరికొస్తే ఆయన ప్రేమ కాస్త తగ్గేది. "ఉప్పు నేదు, కారం నేదు, ఉడకేసిన దుంప మొకాన కొడతారు. ఆ తిండి తినీసి లోకాన్నేలినారంటే ఆలని మెచ్చుకోవాలి." అక్కడి వాన కూడా పిసినారిదేననీ, ఒక్కసారి కురిసి పోకుండా రోజంతా తుంపర్లు రాల్చి మనిషి ఎముకలు నానబెడుతుందనీ చెప్పేవాడు. అలా తిట్టిపోస్తూనే, ఆ ఊరి తుంపర కోసం బెంగపెట్టుకున్నవాడిలా నది వైపు చూస్తుండేవాడు.

ఆయన మాటలన్నిటికీ మూలమైన మాట ఒకటుంది. "ఇక్కడికొచ్చిన తెల్లోడు ఏరు, అక్కడున్న తెల్లోడు ఏరు. ఇక్కడోడిని సూసి తెల్లోడంటే ఇంతే అనుకోకండి." అక్కడ ఆయన అద్దెకున్న ఇంటావిడ మొగుడు రేవు కూలీ. ఒక ఏడు ఆ రేవుల్లో సమ్మె పడింది. తాత కూడా వాళ్ళతో గేటు దగ్గర నిలబడ్డాడు. ఒకటే నల్లమొహం, మిగతావన్నీ తెల్లమొహాలు. అటు పక్కవాడు, ఇటు పక్కవాడు ఆయన చేతులు పట్టుకున్నారట. ఇంటావిడ తన పిల్లల గిన్నెలోంచి తీసి ఆయనకు పులుసు పోసిందట. "గేటు కాడ గొలుసు నేదు, గోడ నేదు. మనుసులు నిల్చున్నారు, అంతే. ఆకలితో సస్తన్నోడు కూడా ఆ వరస దాటి పనికెల్లనేదు. దాటినోడితో ఆడి పెల్లాం కూడా మాటాడదు." ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మారేది. మా నాయన నవ్వి, "దూరపు కొండలు నునుపు మావా," అనేవాడు. నాయనకు మేస్త్రితో తగువు పెట్టుకోకుండా బతకడం తెలుసు, పని తెలుసు, మామగారి లండన్ ఆయనకు సాయంత్రపు కాలక్షేపం. కానీ పేపరు ఏరుకురావడం ఏ రోజూ మరిచిపోలేదు.

ఇంట్లో ఒక విషయం మీద తాతకూ అమ్మకూ ఎప్పుడూ పడేది కాదు. మావాళ్ళలో పడుకున్న మనిషిని దాటకూడదు. దాటితే వాడికి కీడు, చిన్నపిల్లలైతే ఎదగరంటారు. పొరపాటున దాటితే మళ్ళీ వెనక్కి దాటాలి, అప్పుడు దోషం పోతుంది. ఒకసారి చాప మీద నిద్రపోతున్న తమ్ముణ్ణి దాటుకుని నేను పరిగెత్తాను. అమ్మ గరిటె పుచ్చుకుని వచ్చింది. "ఎనక్కి దాటవే ముందు, ఎనక్కి దాటు!" తాత కుర్చీలో పగలబడి నవ్వాడు. "ఓడలో మేం వందమందిమి ఒకడి మీంచి ఒకడు దాటుకుని ఎల్లేవోల్లం. అందరం ఎదగనేదేటి?" అన్నాడు. గుమ్మంలో నిలబడిన డా మ్యా అమ్మ పక్షం వహించింది. బర్మావాళ్ళకీ అదే పట్టింపు. మనిషి మీంచి, అందులో మగవాడి మీంచి దాటితే వాడి తేజస్సు పోతుందంటారు. "దాటొద్దు, దాటొద్దు. పాపం," అంది తనకొచ్చిన తెలుగులో. నేను వెనక్కి దాటాను. తాత తల అడ్డంగా ఆడిస్తూ పేపర్లో పడ్డాడు.

కూలీల పార్టీ సీమలో మొదటిసారి గద్దె ఎక్కిందని తెలిసిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. తాత పేపరు చదవకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అమ్మతో బూరెలు వండమన్నాడు. "ఆలు గెలిస్తే మనకేటయ్యా?" అంది అమ్మ. "బొగ్గు ఎత్తినోల్లే నూకాలు. మనలాంటోల్లే. ఇప్పుడు రాజ్జెం ఆల సేతిలో ఉంది. సూస్తుండు." అమ్మ గొణుక్కుంటూనే పప్పు రుబ్బింది. లైనంతటికీ బూరెలు పంచాం. డా మ్యా ఎందుకని అడిగితే ఎవరికీ సరిగా చెప్పడం రాలేదు. ఎవరికో కొడుకు పుట్టాడనుకుని ఆవిడ సంతోషంగా తింది. ఏడాది నిండకుండానే ఆ పార్టీ దిగిపోయింది. రంగం రేవులో గోనె సంచి కూడా కదల్లేదు. "ఏటైంది మావా నీ రాజ్జెం?" అని నాయన అడిగితే, "కాల్లు కడుక్కునే లోపలే తరిమీసినారు. ఆ పెద్దింటోల్లే," అన్నాడు తాత. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు గానీ, మర్నాడు మళ్ళీ కోటు తొడుక్కున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా రేవులోనే సమ్మె వచ్చింది. మేస్త్రి ముఠాలకు మనుషుల్ని తగ్గించి, పని మాత్రం అంతే చేయమన్నాడు. ఒక రోజు ఓడ కడుపులో బస్తాల వరస జారి మా ముఠాలో ఒకతను కింద పడ్డాడు. ఆపమని కేకలేస్తున్నా పైనుంచి బస్తాలు దింపుతూనే ఉన్నారు. అతన్ని తలుపు చెక్క మీద ఇంటికి మోసుకొచ్చారు. మర్నాడు మా ముఠా పనికి వెళ్ళలేదు. దాన్ని చూసి మిగతా ముఠాలు కూడా ఆగిపోయాయి. రేవులో ఓడలు ఊరికే నిలబడి ఉండటం నేను అప్పుడే చూశాను. నది మీద ఆ నిశ్శబ్దం భయంగా ఉండేది. ఇళ్ళలో మొదట కూరలు తగ్గాయి, తర్వాత అన్నం గంజి అయింది. డా మ్యా తన మొహింగా చేపలపులుసు కుండ అడుగున మిగిలింది తెచ్చి మాకు పోసేది.

అప్పుడు మేస్త్రి కబురు పంపాడు. రేపు పొద్దున పనిలోకి వస్తే పాతదంతా మరిచిపోతాడు. రాకపోతే వేరే ఓడల మీద పనిచేసే తెల్ల కలాసీలు ఊళ్ళో బసలో ఖాళీగా ఉన్నారు. వాళ్ళే వచ్చి విన్చీ మరలు తిప్పి సరుకెత్తేస్తారు. మాకిక పనీ లేదు, గదులూ లేవు. ఆ సాయంత్రం మగవాళ్ళంతా మా వరండాలో చేరారు. బీడీలు కూడా లేవు. "ఎల్లిపోదాం సింహాద్రీ," అన్నారు చాలామంది. "తెల్లోలు విన్చీ పట్టుకున్నారంటే మనం అయిపోనట్టే." నాయన కుర్చీలో ఉన్న తాత వైపు తిరిగి, "మావా, నువ్వు ఆలతో ఉన్నావు. ఆలొస్తారా?" అని అడిగాడు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. తాత లేచి నిలబడ్డాడు. "కలాసీలు రారు. దొరలొస్తారు, పోలీసులొస్తారు. బొగ్గు ఎత్తినోడు, తాడు లాగినోడు, గేటు కాడ మనిసి నిల్చున్నాక దాటడు. ఆడు తల్లి పాలతో నేర్సుకుంటాడది. నా మాట మీద ఉండండి." నాయన తల ఊపాడు. "మావ మాట మీదే ఉందాం," అన్నాడు ముఠాతో. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఇద్దరి మొహాలూ చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

పొద్దున్నే అందరం రేవు గేటు దగ్గరికి వెళ్ళాం. ఆడవాళ్ళూ పిల్లలూ రోడ్డుకి ఇవతల నిలబడ్డాం. గేటు ముందు ఎలా నిలబడాలో తాత చెప్పబోతుంటే నాయన అన్నాడు, "నిలబడితే తోసీసి పోతారు మావా. పడుకుందాం. నిల్చున్నోడిని పక్కకి నెడతారు గానీ పడుకున్న మనిసిని ఎవుడు దాటుతాడు?" అందరికీ ఆ మాట నచ్చింది. ఈ ఊళ్ళో తెలుగువాడు దాటడు, బర్మావాడు దాటడు. దాటేవాడుంటాడని మాకెవరికీ ఊహకైనా రాలేదు. అమ్మకు కూడా అప్పుడు కాస్త ధైర్యం వచ్చినట్టుంది, నా భుజం మీద పట్టు సడలించింది. తాత కూడా ఆ రోజు నవ్వలేదు. "నిల్చున్నా పడుకున్నా ఒకటే. ఆలు దాటరు," అన్నాడు. మగవాళ్ళు తలగుడ్డలు పరుచుకుని గేటుకు అడ్డంగా, భుజానికి భుజం తగిలేలా వెల్లకిలా పడుకున్నారు. మధ్యలో మా నాయన. ఆయన తల దగ్గర నల్లకోటులో, నెత్తిన టోపీతో తాత ఒక్కడే నిలబడ్డాడు.

వాళ్ళు వచ్చారు. ఒక దొర ముందు నడుస్తున్నాడు, వెనక కలాసీలు. పడుకున్నవాళ్ళను చూసి ఆగారు. తాత టోపీ తీసి వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆయన ఏ తెల్లవాడితోనైనా ఇంగ్లీషులో మాట్లాడటం మేం ఎప్పుడూ వినలేదు. వరండాలో చెప్పినవన్నీ ఆ ఒక్క క్షణంలో నిజమైపోయాయి. ముందున్న ఎర్రజుట్టు కుర్రాడు నవ్వుతూ ఏదో అడిగాడు. తాత జవాబు చెప్పాడు. కుర్రాడి మొహం విప్పారింది. తాత కిందికి వంగి మావాళ్ళతో, "ఈడిది ఆ రేవేనర్రా. నేనున్న ఊరే," అన్నాడు. పడుకున్నవాళ్ళు తలలెత్తి చూశారు. మళ్ళీ ఇద్దరూ మాట్లాడుకున్నారు. కుర్రాడు తాత చెయ్యి పట్టుకుని ఊపాడు. తాత మళ్ళీ మావాళ్ళ వైపు తిరిగాడు. "ఈడి నాయన కూడా ఆ సమ్మెలో ఉన్నాడట. మాతో నిల్చున్నాడట, సింహాద్రీ!" నాయన కింద నుంచే నవ్వాడు. రోడ్డు ఇవతల మా ఆడవాళ్ళలో ఒకావిడ ఏడ్చింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని గెంతాను.

అప్పుడు తాత పడుకున్నవాళ్ళను చూపిస్తూ ఏదో అడిగాడు. కుర్రాడు దొర వైపు చూశాడు, తాత వైపు చూశాడు. మెల్లిగా, మర్యాదగా, ఒక చిన్నమాట అన్నాడు. తాత మావాళ్ళకు చెప్పలేదు. "ఏటన్నాడు మావా?" అని నాయన అడిగాడు. "ఏటన్నాడు?" నాకు అప్పటికి ఇంగ్లీషు రాదు గానీ ఆ చప్పుడు చెవిలో ఉండిపోయింది. పెద్దయ్యాక చదువుకున్నప్పుడు ఒకరోజు దాని అర్థం నాకు దానంతటదే తెలిసింది. "అది అక్కడ, మా ఊళ్ళో సంగతి, పెద్దాయనా," అన్నాడా కుర్రాడు.

తర్వాత వాడు కాలెత్తి, బూటు తగలకుండా చాలా జాగ్రత్తగా, మా నాయన రొమ్ము మీంచి అవతలికి దాటాడు.

నా పక్కన అమ్మ కేక పెట్టింది. తాత వాడి చొక్కా పట్టుకున్నాడు. సమ్మె మాట, కూలీల మాట ఏమీ లేదు. "ఎనక్కి దాటు బాబూ, ఎనక్కి దాటు. ఒక్కసారి ఎనక్కి దాటీసి ఎల్లు. నా అల్లుడయ్యా ఆడు." ముందు ఇంగ్లీషులో అన్నాడు, తర్వాత ఇంగ్లీషు మరిచిపోయి తెలుగులో అన్నాడు. ఇంట్లో అమ్మ నమ్మకాన్ని చూసి పగలబడి నవ్విన మనిషి చేతులు జోడించాడు. వాడికి ఏం అర్థమవుతుంది పాపం? చొక్కా విడిపించుకుని, తాత భుజం తట్టి వెళ్ళిపోయాడు. వాడి వెనక మిగతావాళ్ళు ఒకడి తర్వాత ఒకడు, కాళ్ళెత్తుకుంటూ, కొందరు సిగ్గుపడుతూ, కొందరు నవ్వుతూ మావాళ్ళందరినీ దాటారు. ఎవరినీ తొక్కలేదు. కాసేపటికి లోపల విన్చీ తిరిగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విన్నాక మగవాళ్ళు లేచారు. ఎవరి తలగుడ్డ వాళ్ళు దులుపుకున్నారు.

సమ్మె ఆ పూటతో పోయింది. మిగతా ముఠాలను మేస్త్రి తిరిగి తీసుకున్నాడు, మా ముఠాను తీసుకోలేదు. గదులు ఖాళీ చేయించారు. కొందరు ఓడ డెక్కు మీద ఊరికి తిరిగిపోయారు. వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఒకావిడ మా గుమ్మం ముందు మట్టి తీసి పోసి, "ఆ ముసిలోడి నోరు పడిపోను," అని శపించింది. అమ్మ తలుపు వేసుకుని కూర్చుంది. ఆ శాపం ఫలించిందనే అనాలి. మేం నది దాటి తన్లిన్ వెళ్ళాం. అక్కడ నూనె కార్ఖానాలో నాయనకు పీపాలు దొర్లించే పని దొరికింది. తాత ఆ రోజు నుంచి సీమ మాట ఎత్తలేదు. సాయంత్రాలు బనీనుతోనే కూర్చునేవాడు. అమ్మ పాలు పోసిన టీ ఇస్తే పక్కన పెట్టేవాడు. నాయన మాత్రం కార్ఖానా దొరలు పారేసిన పేపర్లు ఏరుకొచ్చి ఆయన ముందు పెట్టడం మానలేదు. "ఏటంటన్నారు మావా నీ పెద్దింటోలు?" అని అడిగేవాడు. నూనె కంపు కొట్టే ఆ చేతులతో, చంటిపిల్లాడికి బొమ్మ చూపించినట్టు పేపరు చూపించేవాడు. ఆ పేపర్లు అలాగే దొంతర పడ్డాయి. వాటితో అమ్మ పొయ్యి రాజేసేది.

ఇన్నేళ్ళయ్యాక నేను ఆ పాత రేవు రోడ్డు మీదుగా బస్సులో పోతుంటాను. జపానువాళ్ళ యుద్ధం ఒకసారి, మిలిటరీ సర్కారు ఒకసారి మావాళ్ళను ఈ దేశం నుంచి ఊడ్చేశాక, మిగిలినవాళ్ళం గుప్పెడుమందిమి. మా మనవరాలికి జీతం బాగుంది, ఇల్లుంది, ఎవడూ గది ఖాళీ చేయించడు. నేను కాదనను, అవన్నీ మంచివే. కానీ ఎక్కడో ఎప్పుడూ చూడబోని దేశంలో ఎవరో కూలీలు గెలిచారని ఇంట్లో బూరెలు వండుకున్న ఆ సంబరం నేను మళ్ళీ ఎవరి మొహంలోనూ చూడలేదు. తాత తెలివితక్కువవాడని చాలామంది అన్నారు. నేను మాత్రం అనను. ఆయన చెప్పిన లండన్ అబద్ధం కాదు. ఆ పులుసు నిజం, పట్టుకున్న చేతులు నిజం. అదే నాకు భరించరాకుండా ఉంటుంది.

తన్లిన్ వెళ్ళిన ఏడాదో ఆ పై ఏడాదో, నాయనతో పనిచేసే ఒకతను మా ఇంటికి భోజనానికి వచ్చాడు. గంజాం నుంచి కొత్తగా వచ్చినవాడు, మంచి మాటకారి. అన్నం తింటూ అరుగు మీద పడుకున్న తాతను చూసి, "తాతా, నువ్వు సీమలో ఉన్నావంట కదా. లండన్ ఎలాగుంటాదో సెప్పు, ఇంటాను," అన్నాడు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తాత కళ్ళు తెరవలేదు. "నానెప్పుడూ ఎల్లనేదు బాబూ. ఎవులో తప్పు సెప్పినారు," అన్నాడు.

అతను తెల్లబోయి నాయన వైపు చూశాడు. నాయన ముద్ద కంచంలో పెట్టేశాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, తాతకు వినపడేలా గట్టిగా అన్నాడు.

"ఎల్లినాడు. మా మావ అక్కడికెల్లి ఆలతో నిల్చున్నాడు. ఆలే ఇక్కడికి రానేదు."

తాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వీపు కదలడం మా అందరికీ కనిపించింది. ఎవరం లేచి దగ్గరికి వెళ్ళలేకపోయాం.